మూడో పాట, రెండు నిమిషాల నలభై ఒకటి

14 సెప్టెంబర్ 2025, ఆదివారం

ఆ రోజు సంగతి ఎక్కడా రాసుకోలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

కిందటి ఏడాది నవంబర్ 5, మంగళవారం. తెల్లవారుజామున ఐదింటికి ఆసుపత్రిలో నా భార్య గ్రేసీకి ఆయాసం ఎక్కువైంది. నర్సు మాస్కు మార్చింది. ఏడింటికి నేను కిందికి వెళ్లి ఇడ్లీ తిన్నాను. తొమ్మిదింటికి డాక్టర్ వచ్చి చార్ట్ చూశాడు, నా మొహం చూడలేదు. పదకొండింటికి మా సంఘం పాస్టరు దయానందం అయ్యగారు వచ్చి ప్రార్థన చేసి వెళ్లారు. పన్నెండు దాటాక ఫోన్‌లో ఆమె పాట పెట్టి దిండు పక్కన ఉంచాను. 2012లో మా సంఘం శతవార్షికానికి తెచ్చిన సీడీలో మూడో పాట. అట్ట మీద సోలో శ్రీమతి గ్రేసీ యోహాన్ అని ఉంటుంది. దుప్పటి మీద ఆమె వేళ్లు కదిలాయి. తాళం వేస్తోందనుకున్నాను. మళ్లీ పెట్టాను. మొత్తం మూడుసార్లు. మూడోసారికి మొహం గోడవైపు తిప్పుకుంది. నిద్ర వచ్చిందనుకున్నాను. నాలుగూ ఇరవైకి పోయింది. నేను గదిలోనే ఉన్నాను. చెయ్యి పట్టుకుని లేను. ఫోన్ చార్జింగ్‌కి పెడుతున్నాను.

అంతే జరిగింది.

ఈ రోజు గుడిలో అయ్యగారు ప్రకటించారు. నవంబర్ 2 ఆదివారం ఆరాధనలో గ్రేసీ జ్ఞాపకార్థ కూడిక. అందుకే రాయాలనిపించింది.


16 సెప్టెంబర్, మంగళవారం

కింది ఫ్లాట్ సన్యాసిరాజు మెట్ల దగ్గర ఆపాడు. పోర్టులో క్రేన్ ఆపరేటర్. నాకంటే రెండేళ్లు చిన్న. బావా అంటాడు.

ఏటి బావా, రోజూ ఆరైతే అదే పాటా అన్నాడు. మా ఆవిడకి మొత్తం వచ్చీసింది, సింహాచలం మెట్లెక్కుతూ మీ యేసు పాట పాడతంటే పక్కోళ్లు నా మొకం సూస్తన్నారు అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. వెళ్లబోతూ ఆగి, సెవికి ఏదైనా పెట్టుకో బావా, నీకూ బాగా వినపడతాది అన్నాడు.

తప్పు నాదే. పది నెలలుగా సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా స్పీకర్ మీద ఆ ఒక్క పాట. పిల్లలు లేరు. వద్దనే వాళ్లు ఇంట్లో ఎవరూ లేరు.


19 సెప్టెంబర్, శుక్రవారం

హెడ్‌ఫోన్స్ వచ్చాయి. మంచివే. ఫోన్‌కి పెడితే గొంతు బావిలోంచి వస్తున్నట్టుంది. ఇంపెడెన్స్ మూడు వందల ఓమ్స్. ఫోన్‌కి అంత శక్తి లేదు. ఈ సంగతి కొనకముందే చూసుకోవాల్సింది. ముప్పై ఏళ్లుగా ప్లాంట్‌లో ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో పని చేస్తున్నవాణ్ణి.

యాంప్లిఫయర్ ఆర్డర్ పెట్టాను.


26 సెప్టెంబర్, శుక్రవారం. రాత్రి 10.00

వచ్చింది. అరచేతి మందం నల్ల డబ్బా. ముందు ఒక నాబ్, ఒక జాక్. లాప్‌టాప్‌కి యూఎస్‌బీతో కలిపాను. సీడీలోంచి పాటని వేవ్ ఫైల్‌గా తీసి పెట్టుకున్నాను.

ముందు ఏ పాటా పెట్టకుండా నాబ్ చివరిదాకా తిప్పి విన్నాను. హిస్ లేదు, హమ్ లేదు, డబ్బా సొంత చప్పుడు ఏదీ లేదు. ఇంత శుభ్రమైన నాయిస్ ఫ్లోర్ నేను మా ల్యాబ్‌లో కూడా చూడలేదు.

తర్వాత పాట పెట్టాను. గ్రేసీ గదిలోకి వచ్చి నిలబడినట్టుంది. ఇంతకంటే రాయలేను.

వైరు మీటరున్నర. కుర్చీ వెనక్కి జరిపితే జాక్ ఊడిపోతుంది. సాయంత్రం అంతా ఆ మీటరున్నరలోనే కూర్చున్నాను. ఎవరో తలుపు కొట్టారట. వినపడలేదు.


27 సెప్టెంబర్, శనివారం

రెండు నిమిషాల నలభై ఒకటో సెకను దగ్గర ఏదో ఉంది.


27 సెప్టెంబర్. సాయంత్రం 7.15

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

రెండో చరణం చివర పై స్థాయిలో ఒక స్వరం ఉంది. గ్రేసీ దాన్ని ఊపిరి తీసుకోకుండా తొమ్మిది సెకన్లు పట్టి ఉంచుతుంది. రెండు ముప్పై ఎనిమిది నుంచి రెండు నలభై ఏడు దాకా. ఆ మధ్యలో, ఎడమవైపు, మైక్‌కి దూరంగా, ఎవరో గొంతు సవరించుకున్నారు. చిన్నగా, రెండుసార్లు. మొదటిది పొట్టి, రెండోది కొంచెం పొడుగు.

అది గ్రేసీ.

నేను పేపర్ చదువుతున్నప్పుడు ఏదైనా అడగాలంటే గుమ్మంలో నిలబడి అలాగే చేసేది. ఇరవై ఐదేళ్లు విన్నాను. చీకట్లో కూడా గుర్తుపడతాను.

ఒకే మనిషికి ఒకే క్షణంలో స్వరం పట్టి ఉంచుతూ గొంతు కూడా సవరించుకోవడం కుదరదు.


28 సెప్టెంబర్, ఆదివారం

గుడికి వెళ్లలేదు. కాలిబ్రేషన్ చేశాను.

మా పనిలో ఒక మీటర్ మీద అనుమానం వస్తే మీటర్‌ని విప్పం. తెలిసిన స్టాండర్డ్ పక్కన పెట్టి చూస్తాం. నా దగ్గర గ్రేసీ వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు పదిహేడు ఉన్నాయి. పాలు పట్టుకురండి. గ్యాస్ బుక్ చేశారా. ఆలస్యమైతే ఫోన్ చెయ్యండి. వాటిలో ఆరింటి ముందు గొంతు సవరింపు ఉంది. ఆరూ విన్నాను. నలభై ఒకటో సెకను విన్నాను. మళ్లీ ఆరూ విన్నాను.

తేడా లేదు.

తర్వాత మాట్లాడే గొంతుని పాడే గొంతు పక్కన పెట్టాను. అది పది నెలల క్రితం చెయ్యాల్సిన పని. గ్రేసీ మాట మధ్యలో నోటితో గాలి పీల్చేది, చిన్నప్పటి నుంచి ఉబ్బసం. పాటలో గాలి తీసుకున్న చప్పుడే లేదు.

సోలో గ్రేసీది కాదు.


29 సెప్టెంబర్, సోమవారం

డ్యూటీకి వెళ్లాను. వచ్చాను.


1 అక్టోబర్, బుధవారం

ఫోన్‌లో ఉన్న మా గుడి పాటల బృందం వీడియోలన్నీ విని పాడిందెవరో పోల్చుకున్నాను. కుసుమకుమారి. కాయిర్‌లో రెండో వరస, కుడివైపు చివర. పూర్ణా మార్కెట్ వెనక సందులో టైలరింగ్ షాపు. గుడిలో మాకు రెండు బెంచీల వెనక కూర్చుంటుంది. ఎన్నిసార్లు విని ఉంటాను. కాని కాయిర్ పాడుతుంటే నేను గ్రేసీ వైపే చూసేవాణ్ణి. ఇంకొకరి గొంతు వినాలని ఎప్పుడూ అనుకోలేదు.

పది నెలలుగా నన్ను ఓదార్చింది బతికున్న మనిషి గొంతు. ఆవిడకి ఆ సంగతి తెలియదు.

హెడ్‌ఫోన్స్ పెట్టుకోలేను. పెట్టుకోకుండా ఆరింటికి ఏం చెయ్యాలో తెలియదు. పెట్టుకున్నాను.


5 అక్టోబర్, ఆదివారం

ఆరాధన తర్వాత అయ్యగారు పక్కకి పిలిచి కార్డు చూపించారు. ఐదు వందలు అచ్చయిపోయాయి. గ్రేసీ ఫొటో, కింద ఆమె స్వరం మన మధ్య సజీవం అనే మాట, ఆ కింద క్యూఆర్ కోడ్. ఫోన్ పెడితే మూడో పాట వస్తుంది. కూడికలో పెద్ద స్పీకర్ల మీద కూడా వేస్తారట.

బావుందని అన్నాననుకుంటాను.

తర్వాత ఆయన, యోహాన్‌గారూ, మీరు టెక్నికల్ మనిషి కదా, ఆ రెండో చరణంలో ఎవరో దగ్గినట్టు చిన్న శబ్దం ఉంది, మన సౌండ్ అబ్బాయి పట్టుకున్నాడు, పెద్ద స్పీకర్ల మీద అది బయటపడుతుంది, మీరు తీసేసి శుభ్రమైన ఫైల్ ఇవ్వండి అన్నారు.

ఆ పాటలో గ్రేసీది అదొక్కటే. తీసెయ్యమంటున్నారు.

సరే చూస్తానన్నాను.


8 అక్టోబర్, బుధవారం

సన్యాసిరాజు మళ్లీ మెట్ల దగ్గర. ఏటి బావా, పాట ఆపీసావు, మా ఆవిడ రెండో సరణం దగ్గర మరిసిపోయి మొదటికొస్తంది, ఒక్కపాలి గట్టిగా పెట్టు, నేర్సుకుంటాది అన్నాడు. హెడ్‌ఫోన్స్ కొన్నానని చెప్పాను. నీకు సెవిలో పెట్టుకోమని సెప్పిన నా నోరు కుట్టీయాల అన్నాడు.

ఫైల్ ఎడిటర్‌లో ఓపెన్ చేశాను. ఆ రెండు చిన్న గీతలు కనపడ్డాయి. సెలెక్ట్ చేశాను. డిలీట్ నొక్కడమే మిగిలింది. నొక్కలేదు. సేవ్ చెయ్యకుండా మూసేశాను.


11 అక్టోబర్, శనివారం

రెండో శనివారం, సెలవు. బస్సెక్కి పూర్ణా మార్కెట్ దగ్గర దిగాను.

కుసుమకుమారి మిషన్ మీద ఉంది. కాయిర్ గౌన్లు కుడుతోంది, క్రిస్మస్‌కి. నన్ను చూసి లేవబోయింది. వద్దన్నాను. కొలతలిచ్చిన మనిషి వెళ్లేదాకా బల్ల మీద కూర్చున్నాను. తర్వాత అడిగాను. మూడో పాట మీరే కదా అని.

పెడల్ ఆపలేదు. గౌను అంచు చివరిదాకా కుట్టింది. దారం తెంపింది. అప్పుడు, ఇన్నాళ్లకి అడుగుతన్నారేటి అన్నయ్యగారూ అంది.

ఆమె చెప్పింది ఇది.

రికార్డింగుకి ముందురోజు ప్రాక్టీసులో గ్రేసీ గొంతు పూర్తిగా పోయింది. ఆ వారం నేను ప్లాంట్ పని మీద ఊళ్లో లేను. స్టూడియో ఒక్క రోజుకే దొరికింది. సీడీ అట్టలు అప్పటికే గ్రేసీ పేరుతో, ఫొటోతో అచ్చయిపోయి గుడి బీరువాలో ఉన్నాయి. విడుదలకి బిషప్‌గారు ఇచ్చిన తేదీ మార్చలేరు. అప్పటి అయ్యగారు కుసుమని పాడమన్నారు, విడుదల రోజు మైకులో చెప్దాం అన్నారు. కుసుమకి చరణాలు నోటికి రావు. గ్రేసీ పక్కన నిలబడి కాగితం పట్టుకుంది. పట్టుకుని, తనకి తెలియకుండానే గొంతు సవరించుకుంది. మళ్లీ తీయడానికి టైము లేదు.

మరి విడుదల రోజు ఎందుకు చెప్పలేదు అని అడిగాను.

ఆమె నా వైపు చూడకుండా చెప్పింది. అక్క సెప్తాననే బయల్దేరిందండీ. ముందురోజు సాయంత్రం మీరు ఇంట్లో సీడీ ఇన్నారంట కదా. ఇని ఏదో అన్నారంట. ఆయన పెళ్లయ్యాక మొదటిసారి నన్ను మెచ్చుకున్నాడు కుసుమా, ఇప్పుడెలాగ సెప్పను అని ఇక్కడే, మీరు కూర్సున్న సోటే కూర్సుని ఏడ్సింది. పోనీలే అక్కా అన్నాను. నాను ఒట్టేశాను.

ఏమన్నానో నాకు గుర్తుంది. ఇన్నేళ్లూ ఈ గొంతు పక్కనే ఉన్నానా, నాకు తెలియనే లేదు అన్నాను.

మీకు బాధనిపించలేదా అని అడిగాను. కొంచెం నవ్వింది. సంఘం ఏటనుకుంటే నాకేటండీ, మా అమ్మతోనే సిక్కు అంది. ఆమె తల్లి ఆరోగ్యమ్మగారికి ఆ పాటంటే ప్రాణమట. రోజూ పెట్టించుకుని విని కూతురిని తిట్టేదట. నీకు నోరుంది గాని గొంతు లేదే, ఆ గ్రేసీని సూసి నేర్సుకో అని. ఆవిడ 2019లో పోయింది. అప్పటిదాకా రోజూ తిట్టిందట. ఒక్కపాలైనా సెప్పీద్దును గాని ఒట్టు కదండీ అంది.

బయటికొచ్చేశాను. చిల్లర తీసుకోకుండా బస్సు దిగానని ఇంటికి వచ్చాక తెలిసింది.


12 అక్టోబర్, ఆదివారం

2012 తర్వాత గ్రేసీ సోలో పాడలేదు. నేను అడిగితే, ఆ పాట తర్వాత ఇంకేం పాడతాను అనేది. వినయం అనుకున్నాను.


13 అక్టోబర్, సోమవారం. ఉదయం 5.00

అది తాళం కాదు, ఆ దుప్పటి మీద.

ఆపమంది. నేను మళ్లీ పెట్టాను. మూడుసార్లు పెట్టాను.


19 అక్టోబర్, ఆదివారం

అయ్యగారికి చెప్పాను. ఆరాధన అయ్యాక గుడి వెనక వెస్ట్రీ గదిలో, మొత్తం.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత నెమ్మదిగా అన్నారు. యోహాన్‌గారూ, కార్డులు అచ్చయిపోయాయి. సగం పంచేశాం. పదమూడేళ్లుగా సంఘం ఆ పాటతో ఆదరణ పొందుతోంది. ఇప్పుడు చెప్తే ఎవరికి మేలు. చనిపోయిన మీ భార్యని ఐదు వందలమంది ముందు నిలబెట్టి అబద్ధమాడిందని చెప్తారా.

అట్టలు అచ్చయిపోయాయని అప్పుడు. కార్డులు అచ్చయిపోయాయని ఇప్పుడు. మా సంఘంలో అచ్చు ముందు, పాట తర్వాత.

కాని చెప్తే గ్రేసీ పరువు తీస్తాను. చెప్పకపోతే రెండు బెంచీల వెనక ఆ మనిషి కూర్చుని తన గొంతుకి మేం ఏడుస్తుంటే వింటుంది. ఇంకోసారి. ఈసారి నాకు తెలిసి.

ఫైల్ ఎప్పుడిస్తారని అడిగారు. వచ్చే వారం అన్నాను.


28 అక్టోబర్, మంగళవారం

తుపాను. కాలేజీలు, ఆఫీసులు సెలవు. తలుపులు అన్నీ వేసుకున్నాను. మధ్యాహ్నం నుంచి కరెంటు లేదు. యాంప్లిఫయర్ దీపం ఆరిపోయింది.

హెడ్‌ఫోన్స్ తలకి అలాగే ఉన్నాయి. చెవులకి వెచ్చగా ఉంది. వాన చప్పుడు దూరంగా ఉంది. రెండు గంటలు అలా కూర్చున్నాను. ఇల్లు మొత్తం నాతో సహా ఎవరో మూత పెట్టిన డబ్బాలా ఉంది.

సన్యాసిరాజు భార్య పైకి పులిహోర పంపించింది. గిన్నె ఇచ్చి అతను, ఏటి బావా, కరెంటు లేకుండా ఏటింటన్నావు అన్నాడు. తల మీదివి తీసేశాను.


30 అక్టోబర్, గురువారం

కుసుమకుమారి వచ్చింది. ఎప్పుడూ మా ఇంటికి రాలేదు. దువ్వాడ స్టేషన్ నుంచి నడిచొచ్చానంది. చీర అంచు తడిసింది. కార్డు ఆమెకీ అందిందట.

మీరు అయ్యగారితో సెప్పారంట, నాకు తెలిసింది, నా కోసం అక్కని బయటికి లాగొద్దండీ అని చెప్పడానికి వచ్చింది. చెప్పి లేచింది.

ఒకసారి వినండి అన్నాను. ఆమె ఎప్పుడూ ఆ పాట సరిగా వినలేదట. గుడి స్పీకర్లు, అమ్మ పాత సీడీ ప్లేయర్, అంతే. కుర్చీలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్స్ ఇచ్చాను. జడ అడ్డం వచ్చి రెండుసార్లు సర్దుకుంది. నాబ్ తొమ్మిది దగ్గర పెట్టాను.

నేను వినలేను, చూస్తున్నాను. మొదటి చరణంలో భుజాలు బిగించి కూర్చుంది. తర్వాత నోరు కొంచెం తెరుచుకుంది. ఇది నానేనా అని గట్టిగా అంది, చెవులు మూసుకున్నవాళ్లు అన్నట్టు. నేను గడియారం చూస్తున్నాను. నలభై ఒకటో సెకను దగ్గర నవ్వింది. ఫక్కున నవ్వి, చెయ్యి పక్కకి చాపింది, ఎవరి చేతిలోనో ఉన్న కాగితం సరిచేస్తున్నట్టు. వెంటనే చెయ్యి వెనక్కి తీసుకుంది.

పాట అయ్యాక తీసి బల్ల మీద మెల్లగా పెట్టింది. మంచినీళ్లు తాగింది. గ్లాసు పక్కన పెట్టి ఇలా అంది.

సంఘానికి సెప్తే సెప్పండి, మానితే మానండి, అది మీ ఇష్టం. మా అమ్మకి మాత్రం సెప్పండి. ఆదివారం సమాధుల పండగ, మా అమ్మోళ్లు ఆర్సీఎం, ఆ కేథలిక్కులంతా పొద్దున్నే వస్తారు, అమ్మ సమాధికి నాను సున్నం ఏయించాను. మీ నోటితో సెప్పండి అన్నయ్యగారూ. నాను సెప్తే నమ్మదు.


31 అక్టోబర్, శుక్రవారం

సాయంత్రం అయ్యగారి ఇంటికి వెళ్లాను. ఫైల్ ఇచ్చాను. ఏదీ తీసెయ్యలేదని చెప్పాను. పాటకి ముందు రెండు నిమిషాలు నాకు ఇవ్వమన్నాను.

ఏం మాట్లాడతారని అడిగారు. పాడింది కుసుమకుమారి అని చెప్తాను, కాగితం పట్టుకుంది గ్రేసీ అని చెప్తాను, గ్రేసీ ఎందుకు చెప్పలేకపోయిందో అది నా తప్పు గనక నేనే చెప్తాను అన్నాను. పెళ్లయిన పదమూడేళ్లకి భార్యని ఒక్కసారి మెచ్చుకున్న మనిషి సంగతి ఐదు వందలమంది ముందు చెప్పడం నాకు సులభం కాదు. అయినా అందులో ఆమె పరువు పోదు. పోతే నాది.

కార్డులో పేరు తప్పవుతుంది కదా అన్నారు. అవుతుందన్నాను.

ఆయన భార్య వంటింటి గుమ్మంలోంచి వింటోంది. ఆవిడ ఈ సంఘంలోనే పెరిగింది, పాత కాయిర్ మనిషి. ఇవ్వండి రెండు నిమిషాలు, ఆ రోజు స్టూడియోలో నేనూ ఉన్నాను అంది. అయ్యగారు ఆవిడ వైపు తిరిగి చూసి, కార్యక్రమం కాగితంలో పాటకి ముందు నా పేరు రాసుకున్నారు.

ఇవ్వాళ ఆరింటికి హెడ్‌ఫోన్స్ పెట్టుకోలేదు. గది నిండా చప్పుడు. ఫ్యాను, గూడ్సు, కింద సన్యాసిరాజు భార్య పాట. రెండో చరణం తప్పు పాడుతోంది. తర్వాత లేచి కిటికీ తెరిచాను.


1 నవంబర్, శనివారం. సాయంత్రం 5.10

రేపు ఉదయం ఆరింటికి, గుడికి ముందు, కుసుమకుమారితో ఆర్సీఎం సమాధుల తోటకి వెళ్తాను. చనిపోయినవాళ్లతో మాట్లాడకూడదని మా అయ్యగారు బోధిస్తారు. తెలుసు. ఆరోగ్యమ్మగారి ముందు చెప్పులు విప్పి నిలబడి, నేను గ్రేసీ భర్తనండీ, ఆ పాట మీ అమ్మాయి పాడింది అని చెప్తాను. చివరి రోజుల్లో ఆవిడకి సరిగా వినపడేది కాదట. గట్టిగా, రెండుసార్లు చెప్తాను.